గడిలో ఏముంది?

డెబ్భయ్యో సంవత్సరం జనవరిలో, ఆల్మ్‌ఫోర్స్ పాత్రల కార్ఖానాలో పని ఆగిపోయిన రోజున, నేనూ ఆల్గోట్ గారూ పత్రికాఫీసు వెనక గదిలో కూర్చుని, ఒక సున్నాలో చుక్క ఎక్కడ పెట్టాలా అని వాదించుకుంటున్నాం.

"అంచుకి దగ్గరగా పెట్టండి," అన్నాను నేను.

"అంచుకి పెడితే కోడిగుడ్డంటారు. నూటయాభైమంది కోడిగుడ్డనే రాస్తారు. అవన్నీ నువ్వు చదువుతావా?"

ఆల్గోట్ గారు ముప్ఫయ్యేళ్ళు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. చెయ్యి వణకడం మొదలయ్యాక అక్షరాలు వదిలేసి గీతలకు దిగారు. ఏ బొమ్మకైనా నాలుగు గీతలకు మించి గీయరు. మాటల పని నాది. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం మా ఊరి పత్రిక చివరి పేజీలో 'గడిలో ఏముంది?' అన్న పేరు కింద ఒక చిన్న చదరం, అందులో ఆయన గీతలు వచ్చేవి. అవేమిటో పాఠకులు ఊహించి రాసి పంపాలి. సరైన జవాబంటూ ఏదీ లేదు. మా ఇద్దరినీ ఎక్కువ నవ్వించిన జవాబు, రాసినవాళ్ళ పేరుతో సహా, మరుసటి శనివారం అచ్చవుతుంది. దాని పక్కనే నా 'ఖాళీల ఉత్తరం' ఉండేది. గంభీరమైన ఉత్తరమొకటి తీసుకుని అందులో కొన్ని మాటలు తీసేస్తాను. ఏం తీశానో చెప్పకుండా ఎదుటివాళ్ళను "ఒక వస్తువు పేరు చెప్పండి, ఒక జంతువు పేరు చెప్పండి" అని అడిగి, చెప్పినవన్నీ ఖాళీల్లో పెట్టి పైకి చదవాలి. పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ మా ఊళ్ళో ఆ ఆట ఆడని ఇల్లు ఉండేది కాదు.

కార్ఖానా కూత వినిపించింది. పదకొండున్నరకు అది కూయకూడదు. ఆల్గోట్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. గేటులోంచి జనం వస్తున్నారు. పరిగెత్తడం లేదు, కేకలు లేవు. పనిబట్టల మీద కోట్లు వేసుకుని, మంచులో నెమ్మదిగా నడిచి వచ్చి, గేటు బయట నిలబడ్డారు.

"చుక్క మధ్యలో పెట్టేద్దాం," అన్నారాయన. "ఈ వారం దాని గురించి ఎవరూ ఆలోచించరు."

ఆ అంచనా తప్పింది.

* * *

మా ఆయన ఎవెర్ట్ అదే కార్ఖానాలో, ఆఫీసు వైపు, కొనుగోళ్ళ విభాగంలో పనిచేసేవాడు. సమ్మె చేసింది గిన్నెలు చేసేవాళ్ళు. యూనియన్ పెద్దల అనుమతి కూడా లేకుండా చేశారు. ఆఫీసువాళ్ళు మాత్రం రోజూ వాళ్ళ మధ్యలోంచే నడిచి లోపలికి వెళ్ళాలి. మేముండే ఇల్లు కార్ఖానాదే. వరసగా కట్టిన పన్నెండు ఇళ్ళలో మాది ఏడోది, ఎల్సీది ఎనిమిదోది. రెండిళ్ళకూ మధ్య ఉన్నది చెక్కగోడ. ఆమె దగ్గితే మాకు వినిపిస్తుంది.

ఎల్సీ పందొమ్మిదేళ్ళుగా గిన్నెల్ని ఎనామిల్ తొట్టిలో ముంచి తీసే పనిలో ఉంది. మోచేతుల దాకా తెల్లటి మచ్చలు, ఎంత తోమినా పోవు. స్టాప్‌వాచీ పట్టుకుని వెనక నిలబడే మనిషిని కంపెనీ పెట్టాక, గిన్నెకు ఇంత అని ఇచ్చే కూలి మూడుసార్లు తగ్గింది. డైరెక్టర్ వెన్నెర్‌హోల్మ్ డిసెంబరులో ప్రతి ఇంటికీ ఉత్తరం పంపాడు. కొంచెం ఓర్చుకోండి, వసంతంలో కొత్త కొలిమి వస్తుంది, అది వచ్చాక పని తేలికవుతుంది, కూలి దానంతటదే పెరుగుతుంది అని. ఊరంతా ఆ కొలిమి కోసమే ఎదురుచూస్తోంది.

సమ్మె మొదలైన రోజు గురువారం. ప్రతి గురువారం ఊళ్ళో అందరిళ్ళలోలాగే నేనూ బఠాణీ సూపు కాచాను. ఎవెర్ట్ రెండు చెంచాలు తిని లేచాడు.

"ఎక్కడికి?"

"పొయ్యిలో కట్టె పడిపోయినట్టుంది."

పడిపోలేదు. వచ్చి కూర్చుని మళ్ళీ లేచాడు. వాకిట్లో మంచు ఎత్తాలన్నాడు. సాయంత్రమే ఎత్తాడు. ఎత్తిన చోటే మళ్ళీ పార గీసుకునే చప్పుడు వింటూ నేను ఒక్కదాన్నే సూపు తాగాను.

ఆ శీతాకాలమంతా అదే వరస. తలుపు గడియ బాగానే ఉన్నా విప్పి బిగించేవాడు. గడియారం వెనక్కి తిప్పి చూసేవాడు. "ఎవెర్ట్, అసలేమైంది నీకు" అని నేను మొదలుపెట్టేసరికి ఏదో గుర్తొచ్చినట్టు టోపీ పెట్టుకునేవాడు. పదమూడేళ్ళ కాపురంలో మేం పెద్ద మాటకారులం కాము. కానీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇప్పుడు అదీ లేకుండా పోయింది. నాకూ కాళ్ళు నిలిచేవి కావు. అతను బయటికి వెళ్ళగానే నేను వంటింటి నుంచి కిటికీకి, కిటికీ నుంచి వంటింటికి తిరిగేదాన్ని.

* * *

సున్నాలో చుక్కకి ఎప్పుడూ వచ్చేవాటికి రెండింతలు జవాబులు వచ్చాయి. జనం చేతుల్లో పని లేదు మరి. కోడిగుడ్లు ఏడే ఏడు. మిగతావన్నీ కార్ఖానా గురించే.

"వినండి," అని చదివాను. "'గురువారం నాటి సూపు. డైరెక్టర్ గారు చెప్పినట్టు ఓర్చుకుంటే రెండో బఠాణీ వసంతంలో వస్తుంది.'"

ఆల్గోట్ గారు కళ్ళు తుడుచుకుంటూ దాన్ని పక్కన పెట్టారు. అదే వేశాం. ఆ తరువాతి వారం ఏటవాలు గీత, దాని కింద చిన్న ముద్ద గీశారు. గెలిచిన జవాబు: 'స్టాప్‌వాచీ మనిషి మంచు మీద జారాడు. ఎన్ని సెకన్లలో పడ్డాడో మేం లెక్క రాసుకున్నాం.' ఆ శనివారం రొట్టెల దుకాణంలో జనం పత్రిక చేతులు మార్చుకుంటూ చదువుకున్నారు.

సోమవారం ఎడిటర్ షోల్డ్ గారు మమ్మల్ని పిలిచారు. ముందు ఒక కాగితం పెట్టుకున్నారు.

"నవ్వుకి నేను వ్యతిరేకం కాదు. కానీ ఇకనుంచి ఈ మాటలు ఆ గడి దగ్గర కనిపించకూడదు. సమ్మె. డైరెక్టర్. గేటు. కూలి. స్టాప్‌వాచీ."

"మంచు అనొచ్చా, ఎడిటర్ గారూ?" అని అడిగారు ఆల్గోట్ గారు.

షోల్డ్ గారు తన కాగితంలోకి చూసుకున్నారు. "ఏ ఉద్దేశంతో?"

ఊళ్ళో ఆ సంగతి ఒక్కపూటలో తెలిసిపోయింది. ఆ వారం వచ్చిన జవాబుల్లో ఒకటి ఇలా ఉంది: 'పేరు చెప్పకూడని మనిషి, పేరు చెప్పకూడని వస్తువు పట్టుకుని, పేరు చెప్పకూడని చోట మళ్ళీ పడ్డాడు.' నిషేధించిన మాట ఒక్కటీ లేదు గనక అది వేయక తప్పలేదు.

* * *

ఫిబ్రవరిలో, మీగడా బాదం ముద్దా కూరిన బన్నులు తినే పండగ మంగళవారం నాడు, ఎల్సీ మా తలుపు తట్టింది.

"మైకెన్, నాలుగో వారం నడుస్తోంది. కార్మికుల ప్రజాభవనం హాల్లో మూడువందలమంది కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. పేకముక్కలు చిరిగిపోయాయి. నువ్వొచ్చి ఏదైనా ఆడించు."

"మా ఆయన ఆఫీసులో..."

"మీ ఆయన్ని పిలవట్లేదులే. నిన్ను పిలుస్తున్నా."

వెళ్ళాను. హాల్లో తడికోట్ల వాసన, కాఫీ వాసన. వేదిక మీద నిలబడి, ఏ ఉత్తరమో చెప్పకుండా మాటలు అడిగాను. తడిసిన మేజోళ్ళు, మోకాలిచిప్పలు, పులిసిన చేప అని వెనక వరసల్లోంచి అరిచారు. "ఇంట్లో ఒక మనిషి" అన్నాను. "అత్తగారు," అన్నాడు ఒకతను, పక్కనే అత్తగారు కూర్చుని ఉండగా. ఆవిడ అతని టోపీ లాగి నేలమీద పడేసింది.

అప్పుడు చదివాను. అది వాళ్ళందరి ఇళ్ళలోనూ ఉన్న డైరెక్టర్ గారి ఉత్తరమే.

"'ప్రియమైన తడిసిన మేజోళ్ళకు. కంపెనీ సదా మీ మోకాలిచిప్పల క్షేమాన్నే కోరుతుంది. కొంతకాలం ఈ పులిసిన చేపను ఓర్పుతో భరించండి. ఎనిమిదివందల డిగ్రీల వేడితో, నిమిషానికి పన్నెండు గిన్నెలు మింగగల సరికొత్త అత్తగారు వసంతంలో మన ఊరికి విచ్చేస్తున్నారు.'"

రెండో వాక్యం దగ్గరే గుర్తుపట్టారు. మూడోది ఎవరికీ వినిపించలేదు. నేను నాలుగోది చదవడానికి చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ముందు వరసలో ఎల్సీ చేతిలో బన్ను పట్టుకుని, మీగడ కారి మోచేతి మీద పడుతున్నా చూసుకోకుండా నవ్వుతోంది.

ఇంటికొచ్చి ఎవెర్ట్‌కి చెప్పాను. ఎలాగూ ఆఫీసులో తెలుస్తుంది, నా నోటినుంచి తెలిస్తే మంచిదనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"ఆ ఉత్తరం టైపు చేసింది నేనే," అన్నాడు. "కొలిమి చోట ఏం పడింది?" అని అడిగాడు.

"అత్తగారు."

"ఆవిడైతే వచ్చినా రావచ్చు," అని, కట్టెల బుట్ట తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బుట్ట నిండుగానే ఉంది.

* * *

ఆ శనివారం గడిలో ఆల్గోట్ గారు దాదాపు ఏమీ గీయలేదు. చదరమంతా ఖాళీ. కుడివైపు అంచుని ఆనుకుని రెండు పొట్టి గీతలు, వాటి చివర్లు కలుపుతూ ఇంకో చిన్న గీత. ఏదో వెళ్ళిపోతోంది, వెనక భాగం మాత్రం ఇంకా కనిపిస్తోంది.

గురువారం మధ్యాహ్నం వెనక గదిలో బల్ల మీద జవాబులు కుమ్మరించుకున్నాం. రెండువందల పద్నాలుగు. ఆయన సగం, నేను సగం. 'పెళ్ళిఫొటో. పెళ్ళికొడుకు మోచెయ్యి.' 'బంధువులు బయల్దేరుతున్న సంతోషంలో వణికిన చేత్తో తీసిన ఫొటో.' నవ్వుతూనే ఉన్నాం. ఆల్గోట్ గారు ఒక కాగితం విప్పి, చదివి, నవ్వలేదు. నా ముందుకు జరిపారు.

వంకర టింకర పెద్దక్షరాలు. 'మనకు రావలసిన కొత్త కొలిమి, రైలు చివరి పెట్టెలో. మన స్టేషన్‌లో ఆగదు. మార్చి పన్నెండున హెల్మ్‌స్టాలో దిగుతుంది.' కింద పేరు లేదు.

"ఇది నవ్వు తెప్పించే రకం కాదు," అన్నారాయన. "అయినా కింద పెట్టబుద్ధి కావట్లేదు. తేదీ ఎందుకు రాశాడో ఈ మనిషి?"

హెల్మ్‌స్టాలో కంపెనీకి ఇంకో కార్ఖానా ఉంది. కానీ నేను అక్షరాలు చూడటం లేదు. మడతలు చూస్తున్నాను. కాగితాన్ని మూడుగా మడిచి, చివరి మడత వేలెడు సన్నంగా వదిలారు. పదమూడేళ్ళుగా రోజూ సాయంత్రం ఎవెర్ట్ కోటుజేబులోంచి నేను తీసే రొట్టె కాగితం అలాగే మడిచి ఉంటుంది. వేసుకోబోయే చొక్కా అయినా, చదివిన పత్రిక అయినా అతను మడిచేది అలాగే. అక్షరాలు మాత్రం ఎడమచేత్తో రాశాడు.

ఆ కాగితం నా గౌను జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ కట్టలోంచి ఇంకోటి తీసి చదవబోయాను. ఆల్గోట్ గారు పెన్సిలు చెక్కుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, జేబులో పెట్టుకున్నది బయటికి తీస్తావా, నేను చూడలేదనుకోమంటావా?"

"రేప్పొద్దున చెప్తాను."

"రేపు పదింటికి పేజీ కట్టేస్తారు."

"పదిలోపే చెప్తాను."

ఆయన పెన్సిలు మొన దాకా చెక్కి, విరిగిపోతే మళ్ళీ మొదలుపెట్టారు.

* * *

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎవెర్టే మొదలుపెట్టాడు. నా వైపు చూడకుండా, బంగాళాదుంప తొక్క తీస్తూ.

"ఈ వారం ఎన్ని వచ్చాయి?"

"రెండువందల పద్నాలుగు."

"బాగున్నవి ఉన్నాయా?"

"ఒకటుంది."

"వేస్తున్నారా?"

"కింద పేరు లేదు. పేరు లేనివి వేయకూడదని రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే."

అతను తొక్క తీసిన దుంపను నా పళ్ళెంలో పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. వేళ్ళు కాలుతున్నా ఆపలేదు. గోడ అవతల ఎల్సీ రేడియో పెట్టింది.

"ఎవెర్ట్, మీ విభాగంలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురం. ఒకావిడ పురిటి సెలవు మీద ఉంది. ఇంకొకడు డైరెక్టర్ గారి అల్లుడు."

నేను లెక్క వేసుకున్నాను. పెద్ద లెక్కేమీ కాదు. తల ఎత్తి మా వంటింటిని చూశాను. పొయ్యి, కిటికీ, నేను రంగేసిన అలమర, దాని వెనకున్న గోడ. ఆ అలమర తప్ప, గోడతో సహా అన్నీ కార్ఖానావే.

"నీ రూలే గనక," అన్నాడు ఎవెర్ట్, "నువ్వు మార్చుకోవచ్చు."

"మార్చమంటావా?"

అతను లేస్తాడనుకున్నాను. లేవలేదు. ఉప్పు అందుకుని, చల్లుకుని, డబ్బా మళ్ళీ దాని చోట పెట్టాడు.

"మారిస్తే బాగుంటుంది," అన్నాడు.

ఆ శీతాకాలంలో అతను పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కూర్చోవడం అదే మొదటిసారి.

* * *

పొద్దున్న తొమ్మిదిన్నరకు నేను కాగితం బల్లమీద పెట్టాను. ఆల్గోట్ గారు దాన్ని శుభ్రంగా వేరే కాగితం మీద ఎత్తిరాశారు. అసలుది నా చేతికి తిరిగిచ్చి, "ఇది పొయ్యిలో పడిపోతే నాకేమీ తెలీదు," అన్నారు. షోల్డ్ గారి గదిలోకి ఇద్దరం వెళ్ళాం. ఆయన తన జాబితా పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూశారు.

"కొలిమి... పెట్టె... స్టేషన్. ఏవీ నా జాబితాలో లేవు." మళ్ళీ చదివారు. "ఇందులో నవ్వేముంది?"

"నవ్వు తగ్గించమన్నారు కదా, ఎడిటర్ గారూ," అన్నారు ఆల్గోట్ గారు.

"అదీ నిజమే. కింద పేరేదీ?"

"ఈ వారం నుంచి పేరు లేకపోయినా వేస్తున్నాం," అన్నాను.

తలూపి సంతకం పెట్టారు.

శనివారం పొద్దున్న రొట్టెల దుకాణంలో ఎవరూ నవ్వలేదు. చదివినవాళ్ళు పత్రిక మడిచి చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. పన్నెండింటికి ఎల్సీ వచ్చింది. బూట్ల మంచు కూడా దులుపుకోకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. ఎవెర్ట్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"ఇది జోకా?"

"మేం వేసేవన్నీ జోకులే కదా."

"మైకెన్, నా మొహం చూసి చెప్పు. జోకా?"

పెరట్లో గొడ్డలి ఆగింది. మళ్ళీ పడింది.

"ఆ ఊరి పేరు మేం కల్పించింది కాదు," అన్నాను.

ఎల్సీ కిటికీలోంచి ఎవెర్ట్ వీపు వైపు కాసేపు చూసింది. హెల్మ్‌స్టాలో ఆమె పినతల్లి కొడుకు సిమెంటు పని చేస్తాడు. ఆ సాయంత్రం అతనికి ఫోను చేశారు. కొత్త షెడ్డు, కొలిమి సైజు పునాది, వేసి పది రోజులైందన్నాడు.

సోమవారం మూడువందలమందీ గేటు దాటి ఆఫీసు ముందు నిలబడ్డారు. కూలి ఊసెత్తలేదు. కొలిమి ఎక్కడికి పోతోందని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. వెన్నెర్‌హోల్మ్ మెట్ల మీద నిలబడి పావుగంట మాట్లాడాడట. ఆ పావుగంటలో జవాబు తప్ప అన్నీ ఉన్నాయట.

మంగళవారం పొద్దున్న పదింటికి ఎవెర్ట్ ఇంటికొచ్చాడు. చంకలో అతని టేబులు మీది పూలకుండీ, మొక్కకు చలి తగలకుండా మెడగుడ్డ చుట్టి.

"డైరెక్టర్ పిలిచి, రాసింది నువ్వేనా అని అడిగాడు. అవునన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు." కుండీ కిటికీలో పెట్టాడు. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. వచ్చే నెలాఖరు. దానికి మాత్రం మర్యాదగానే గడువిచ్చాడు."

* * *

సమ్మె ఏడోవారంలో ముగిసింది. కూలి కొద్దిగా పెరిగింది. స్టాప్‌వాచీ మనిషి హెల్మ్‌స్టాకి బదిలీ అయ్యాడు. కొలిమి మాత్రం మా ఊరు రాలేదు. కానీ నాలుగేళ్ళ దాకా ఎనామిల్ విభాగం మూయకూడదని, మూసేముందు అందరికీ వేరే పని నేర్పించాలని కాగితం మీద రాయించుకున్నారు. నాలుగేళ్ళ తరువాత నిజంగానే మూశారు. ఆపాటికి ఎవరి దారి వాళ్ళు చూసుకోగలిగారు. ఎల్సీ బస్సు నడపడం నేర్చుకుంది.

షోల్డ్ గారు 'గడిలో ఏముంది?' కొన్నాళ్ళు ఆపుదామన్నారు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. నేనూ ఆల్గోట్ గారూ స్టాక్‌హోమ్ వారపత్రిక ఒకదానికి పంపడం మొదలుపెట్టాం. ఆయన గీతలు నాలుగు నుంచి మూడుకి తగ్గాయి.

ఎవెర్ట్‌ని ఊళ్ళో ఎవరూ భుజాలకెత్తుకోలేదు. ఆఫీసువాళ్ళు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు. సమ్మె చేసినవాళ్ళూ అంతే. కొలిమి హెల్మ్‌స్టాకి పోతున్నట్టు ఎవెర్ట్‌కి డిసెంబరు నుంచీ తెలుసని, తెలిసే ఆ ఉత్తరం టైపు చేశాడని, అందరికీ తెలిసిపోయింది. అతను దాచాలని చూడలేదు.

మార్చి చివర్లో, మంచు కరిగి దారులు బురదగా ఉన్న రోజున, సామాను సర్దుకున్నాం. సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద రెండు గదులు దొరికాయి. మేం పిలవకుండానే ఎల్సీ ఒక తోపుడుబండి, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నాతో మాట్లాడింది, ఎవెర్ట్‌తో మాట్లాడలేదు. బల్ల వెళ్ళింది, మంచం వెళ్ళింది. చివరికి అలమర మిగిలింది. దానికి చెరోవైపు వాళ్ళిద్దరూ నిలబడాల్సి వచ్చింది.

"డిసెంబరు నుంచి తెలుసు నీకు," అంది ఎల్సీ.

"తెలుసు."

"నీకూ నాకూ మధ్య ఒక చెక్క. రాత్రి నీ గురక నాకు వినిపిస్తుంది. తలుపు తట్టి చెప్పలేకపోయావా? పత్రికలో ఆ గడి ఎందుకు, ఆ ఎడమచెయ్యెందుకు?"

ఎవెర్ట్ అలమర మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను మధ్యలోకి వెళ్ళబోయి ఆగిపోయాను.

"ధైర్యం లేక," అన్నాడు. "జోకులా చెప్తే చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుందనుకున్నాను."

ఎల్సీ వంగి, తనవైపు అడుగున చేతులు పెట్టింది.

"ఎత్తు," అంది.

కొత్త ఇంటి మెట్లు ఇరుకు. ఆ మెట్ల మీద అలమర రెండుసార్లు ఇరుక్కుంది. వాళ్ళిద్దరూ "నీవైపు దించు", "కాదు, నీవైపు" అనుకుంటూ దాన్ని పైకి చేర్చారు. ఎల్సీ నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎవెర్ట్ ఒక గదిలో మేకులు కొడుతున్నాడు. నేను పెట్టెల్లోంచి పళ్ళేలు తీస్తున్నాను. కింద దుకాణంలో ఎవరో సైకిలు బెల్లు పనిచేస్తోందో లేదో ఆపకుండా చూస్తున్నారు.

"మైకెన్," అన్నాడు సుత్తి ఆపి. "ఒకటి అడుగుతాను. ఆ వారం నాదే గెలవాల్సిందా? నిజం చెప్పు."

అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ ఆ పనిలో తొమ్మిదేళ్ళుగా నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

"లేదు. ఇంకోటుంది. ఆల్గోట్ గారు కుర్చీలోంచి పడబోయారు."

"ఏమిటది?"

"ఒకావిడ రాసింది. 'మా ఆయన. నేను మాట మొదలుపెట్టగానే.'"

ఎవెర్ట్ నవ్వబోయాడు. సగంలో ఆగాడు. చేతిలో సుత్తి వైపు, గోడలో సగం దిగిన మేకు వైపు చూశాడు. సుత్తి నేలమీద పెట్టి, పళ్ళేల పెట్టె బోర్లించి, దానిమీద కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు. "వింటాను."

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. డిసెంబరు నుంచి మొదలుపెట్టాను.